మామగారి గోడ గడియారం, నా కంప్యూటర్ వైద్యం

పెళ్లయిన మూడో నెలలో, ఒకే ఒక్క పూటలో, మరదలి డిగ్రీ సీటుకు ఎసరు పెట్టి, ఇంటిల్లిపాదినీ ఏడిపించి, చివరికి రైలు కూడా పోగొట్టుకున్న మహానుభావుణ్ణి నేను. నవ్వుకోండి, నాకేం అభ్యంతరం లేదు. మా ఆవిడ సరిత అప్పట్నుంచీ నవ్వుతూనే ఉంది.

నేను వికారాబాద్‌లో లెక్కల మాస్టర్ని. అత్తగారిది తాండూరు. ఆ ఆదివారం మధ్యాహ్నం మేం వెళ్లేసరికి మరదలు స్వప్న కంప్యూటర్ ముందు దిగాలుగా కూర్చుని ఉంది. డిగ్రీ కాలేజీలు ఆన్‌లైన్‌లో ఎంచుకోవడానికి అదే ఆఖరి రోజు, సాయంత్రం ఐదుకు గడువు. కంప్యూటరేమో ఆన్ చేసినప్పుడల్లా ఎప్పటిదో పాత తేదీ చూపిస్తోంది. బ్రౌజర్ ఏ పేజీ తెరవమన్నా ముక్కుతూ మూలుగుతూ తిరిగి, చివరికి తెరవనంటోంది.

"లోపల చిన్న సెల్లు ఉంటదట బావా, అది పోయిందని షాపాయన చెప్పిండు" అంది స్వప్న.

"సెల్లు లేదు గిల్లు లేదు. లే, నేను చూస్తా" అన్నాను.

కంప్యూటర్లతో నా అనుభవం ఎంతంటారా? స్కూల్లో ప్రింటర్‌లో ఇరుక్కున్న కాగితాన్ని ఒకసారి పీకాను. అది కూడా సగమే వచ్చింది. కానీ కొత్త అల్లుడు "నాకు రాదు" అనడం ఎక్కడైనా విన్నారా?

కుర్చీలో కూర్చుని, మెడ తిప్పి గోడ గడియారం చూసి, తేదీ, టైము సరిగ్గా పెట్టాను. అంతే, కాలేజీల పేజీ తెరుచుకుంది. సరిత నావైపు చూసిన చూపు పెళ్లిలో కూడా చూడలేదు. అక్కడితో ఆగితే నేను మనిషినే. ఆగలేదు. బ్రౌజర్‌ను పరిగెత్తిస్తానని, వేగం పెంచుతామన్న ప్రకటన ఒకటి కనిపిస్తే నొక్కాను. దాంతో పాటు పిలవని చుట్టాలు నలుగురు దిగి, పేజీ పైభాగమంతా టూల్‌బార్లుగా పరుచుకున్నారు. అప్పటిదాకా నడుస్తున్న బ్రౌజర్ అప్పట్నుంచి పాకింది.

ఒక్కో కాలేజీ పేరు కనబడటానికి ఒక్కో యుగం పట్టింది. సగం ఎంచుకునేసరికి కంప్యూటర్‌లో ఐదు దాటింది. స్వప్న ఏడుపు మొదలుపెట్టింది. సరిత చెల్లెల్ని పట్టుకుని ఏడ్చింది. నాకు సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. ఆ పిల్ల ఏడాది చదువు నా గొప్పలకు బలైందని నిజంగా భయమేసింది. ఆ కంప్యూటర్ ముఖం చూడలేక ప్లగ్ పీకేశాను.

అప్పుడే మామగారు బజారు నుంచి వచ్చారు. సంగతి విని, చేతి గడియారం చూసుకుని, నెమ్మదిగా అడిగారు.

"ఏ గడియారం జూసి టైము పెట్టిన్రు, అల్లుడు గారు?"

నేను గోడ చూపించాను.

"గా గడియారం ఇరవై నిమిషాలు ముందుంటది. బండి తప్పొద్దని నేనే పెట్టిన. ఇంక పావుగంట ఉన్నది, లే బిడ్డా."

ఆ ఇంట్లో పుట్టిన ప్రతివాళ్లూ గోడ చూడగానే మనసులో ఇరవై తీసేస్తారట. కంప్యూటర్‌లో ఎవరు తీసేస్తారు? అది లెక్కల మాస్టరు సరిచేసిన టైమాయె.

మళ్లీ ప్లగ్ పెట్టి, మళ్లీ పాతబడిన తేదీని మార్చి, మామగారి చేతి గడియారం చూసి టైము సరిచేశాం. స్వప్న కళ్లు తుడుచుకుని, నేను తెచ్చిన చుట్టాల్ని నలుగుర్నీ తనే తీసేసి, గడువుకు నాలుగు నిమిషాల ముందు పని ముగించింది. అప్పుడుగానీ నాకు ఊపిరాడలేదు. ఊపిరాడగానే నోరు కూడా ఆడింది. "గడియారమన్నాక నిజం చెప్పాలి స్వప్నా" అని చిన్న ఉపన్యాసమిచ్చి, ఆ సంగతి మర్చిపోయాను.

వికారాబాద్ వెళ్లే రైలు ఆరున్నరకు. గోడ మీద ఆరుంబావు. ఇరవై తీసేశాను. ఆ ఇంటి రహస్యం తెలిసిపోయింది, ఇక నేనూ ఆ ఇంటివాణ్ణేనని ఎంత సంబరమో చెప్పలేను. జేబులో ఫోన్ ఉంది. కానీ ఇంటివాడికి ఫోన్ ఎందుకు? సరిత కూడా తన లెక్కలో ఇరవై తీసేసింది. తీరిగ్గా ఇంకో ప్లేటు మిర్చి బజ్జీలు, ఇంకో కప్పు చాయ్ కానిచ్చాం.

స్టేషన్‌కు చేరేసరికి రైలు వెనక భాగం కనిపించింది.

బ్యాగులతో తిరిగొచ్చిన మమ్మల్ని చూసి స్వప్న నాలుక కరుచుకుంది. "మీరు చెప్పిన్రని గోడ గడియారం సరిచేసిన బావా. చెప్పుడు మర్చిపోయిన" అంది.

మామగారు నవ్వలేదు. స్టూలు తెచ్చుకుని ఎక్కి, ముల్లు మళ్లీ ఇరవై నిమిషాలు ముందుకు తిప్పుతూ అన్నారు.

"తప్పు జూపెట్టినన్ని దినాలు మా ఇంట్ల ఎవ్వరికీ బండి తప్పలే, అల్లుడు గారు. సరిచేసిన దినమే తప్పింది."

ఆనాడు ఆ స్టూలు సాక్షిగా ప్రతిజ్ఞ చేశాను. అత్తగారింట్లో ముల్లున్నదేదీ ముట్టను, మౌసున్నదేదీ పట్టను, బండి టైమైందని ఎవరైనా అంటే చేతిలో బజ్జీ ఉన్నా సరే వదిలేసి లేస్తాను. ఇప్పటిదాకా మొదటి రెండూ తప్పలేదు.