నాన్న గడ్డం తీసేసిన పొద్దు

మా చిన్నప్పుడు... కోదాడలో మా ఇంటి ముందు కిటికీ ఊచకు అద్దం తగిలించి, పీట మీద కూర్చుని నాన్న గడ్డం గీసుకునేవాడు. నేను పక్కనే కూర్చుని కళ్లార్పకుండా చూసేవాణ్ని.

నాన్న మేళ్లచెరువు నుంచి సిమెంటు లోడు తోలే లారీ డ్రైవరు. వారంలో ఒక్క రోజు ఇంట్లో ఉంటే అదే ఎక్కువ. ఆ రోజు పొద్దున ఈ గడ్డం కార్యక్రమం గంటసేపు నడిచేది...

ఆయన రేజరు అందరిలాంటిది కాదు. తాత సాగర్ డ్యాం పనిలో ఉన్నప్పుడు ఎవరో పెద్దసారు ఇచ్చి పోయాడట. దానికి ఒక్క వైపే పదునుండే బ్లేడు కావాలి. అది మా దగ్గర ఎక్కడా దొరికేది కాదు. అందుకని నాన్న మామూలు బ్లేడునే కాగితంతో సహా నిలువునా వంచేవాడు... టక్కుమని రెండు ముక్కలు! ఒక ముక్కకు పాత ఒంటి పదును బ్లేడు వెనకంచున ఉండే రేకు తొడిగి రేజర్లో పెట్టుకునేవాడు. రెండోది అమ్మకు, కుట్లు విప్పుకోవడానికి. అమ్మ ఇంట్లో మిషను కుట్టేది.

గీస్తుంటే బరబరమని చప్పుడు... వంటింట్లోకి కూడా వినిపించేది.

ఒకసారి నెలల తరబడి ఆ చప్పుడు ఆగిపోయింది. అమ్మ కడుపుతో ఉంది. మా ఇళ్లల్లో ఇల్లాలు కడుపుతో ఉంటే మగడు గడ్డం తీయడు, కాన్పు అయ్యాకే తీస్తాడు. నానమ్మ ఆ రేజరు డబ్బా తీసుకుపోయి అటక మీద పెట్టేసింది.

అప్పట్లో గడ్డం చూస్తేనే జనానికి సంగతి తెలిసిపోయేది. చాయ్ హోటల్లో ఎవరో ఒకరు అడిగేవాళ్లు, "ఏమన్నో, ఇంట్ల ఎన్నో నెల?" అని. నాన్న సిగ్గుపడి గడ్డం నిమురుకునేవాడు. నేనేమో ఆయన ఎత్తుకున్నప్పుడల్లా దాన్ని పట్టుకుని గుంజేవాణ్ని. "ఇది అంగీ గుండీ కాడికొస్తే తమ్ముడొస్తడు రా" అనేది నానమ్మ. ఇగ రోజూ అదే చూపు నాకు...

అమ్మను మిర్యాలగూడ దవాఖానకు తీసుకుపోయారు. తర్వాత ఒక పొద్దున నాన్న ఒక్కడే వచ్చాడు. వస్తూనే అటక మీంచి డబ్బా దించాడు, అద్దం తగిలించాడు, సబ్బు రుద్దుకున్నాడు.

నానమ్మ నీళ్లు తెస్తూ చూసింది. అంతే! బిందె అక్కడే దించేసింది.

"ఓ యాదమ్మా! మావోడు గడ్డం గీస్తుండు! కాన్పయిందే! మనుమడు పుట్టిండే!"

నానమ్మను ఏమనగలం... గడ్డం తీశాడంటే కాన్పు అయినట్టే కదా, ఎవరైనా అట్లే అనుకుంటారు. పక్కింటి యాదమ్మ చక్కెర డబ్బాతోనే పరుగెత్తుకొచ్చింది. నా నోట్లో ఇంత పోసింది. నానమ్మ గుప్పెడు తీసి నాన్న నోటికి పెట్టింది. సగం మొహం సబ్బు, సగం నున్నగా... నాన్న నోరు తెరిచాడు. తిన్నాడు కూడా.

"మొగపిల్లగాడేనా బిడ్డా? ఎవల పోలిక?" యాదమ్మ అడుగుతోంది.

"మొగపిల్లగాడే" అన్నాడు నాన్న. రేజరు నీళ్లలో ముంచి, "దక్కలే అత్తా... మట్టి జేసొచ్చిన" అన్నాడు.

నానమ్మ అక్కడే కూలబడింది. నాన్న మళ్లీ అద్దం వైపు తిరిగి మిగతా సగం గీసుకున్నాడు. సగంలో ఆపలేడు కదా... ఆ మాట నోటితో చెప్పడం చేతకాకే అద్దం ముందు కూర్చున్నాడని నాకు చాలా ఏళ్లకు గానీ అర్థం కాలేదు.

నాకు ఏడుపు రాలేదు. నోట్లో చక్కెర తియ్యగానే ఉంది. మీకు చెడ్డగా అనిపిస్తే అనిపించనీ, జరిగింది అదే.

కొన్నాళ్లకు అమ్మ ఇంటికొచ్చింది. వచ్చినవాళ్లందరూ పిల్లాడి గురించే... ఎట్లుండె, ఎవరి పోలిక, ఏ జామున పోయాడు. అమ్మ మిషను ముందు కూర్చుని కుట్టుకుంటూ ఉండేది. "నువ్వెట్లున్నవ్" అని ఆమెను అడిగినవాళ్లెవరూ నాకు గుర్తులేరు.

ఇప్పుడు నేను సూర్యాపేటలో ఉద్యోగం చేస్తున్నాను. నాన్న పోయాక ఆ రేజరు నాకొచ్చింది. దాంతో మొదలైంది పిచ్చి... పాత ఇనుప సామాన్ల కొట్లో, మూతబడ్డ సెలూన్లో, ఫోన్లో, ఒక్క వైపు బ్లేడు రేజరు ఎక్కడ కనబడితే అక్కడ కొనడం. తుప్పు వదిలించి, మెరుగు పెట్టి, రోజుకొకటి వాడతాను. బ్లేళ్లు పోస్టులో ఇంటికే వస్తున్నాయి, విరిచే పని లేదు. "గంత పిచ్చేంది నీకు?" అంటుంది మా ఆవిడ. ఏమో... గీసుకున్నంత సేపు ఆ చప్పుడు తప్ప ఇంకేమీ వినబడదు. సంతోషమని కాదు, బాధా కాదు.

ఈ ఏడాది వాటన్నింటినీ బీరువాలో పెట్టాను. మా ఆవిడకు నెల తప్పింది. వాంతులు ఎక్కువై మిర్యాలగూడ పుట్టింటికి పోయింది. నా గడ్డం చూసి ఆఫీసులో ఒక్కరూ ఎన్నో నెల అని అడగలేదు. "స్టైలా సార్?" అన్నారు. ఇప్పుడు అందరికీ గడ్డాలే కదా...

ఆరో నెలలో కడుపు పోయింది.

రెండ్రోజులు దవాఖానలో ఆమె దగ్గర ఉండి సూర్యాపేట వచ్చాను. తెల్లారి గడ్డం గీసుకుని ఆఫీసుకు పోయాను. "అబ్బ, పదేళ్లు తగ్గిన్రు సార్!" అన్నాడు పక్క సీటాయన. థాంక్స్ అన్నాను. నిజంగా ఏమీ అనిపించలేదు.

అమ్మకు నేనే చెప్తానని అత్తవాళ్లతో అన్నాను గానీ, చెప్పలేదు. రోజులు పోతున్నాయి... చివరికి కోదాడ నుంచి అమ్మే వీడియో కాల్ చేసింది. నా నున్నటి మొహం చూసింది. ఏమైందని అడగలేదు, ఎప్పుడని అడగలేదు.

"కోడలు పిల్ల ఎట్లుంది రా?" అంది. "తింటున్నదా? నువ్వు ఆడ కూసోని ఏం జేస్తున్నవ్? పో... పిల్ల కాడికి పో."

అప్పుడు లేచి మిర్యాలగూడ బస్సెక్కాను.

మొహం చూసి ఇంటి సంగతి తెలుసుకునే మనుషులు ఒకప్పుడు వాడంతా ఉండేవాళ్లు... ఇప్పుడు నాకు అమ్మ ఒక్కతే మిగిలింది. మీకెవరు మిగిలారు?