సుబ్బరత్నమ్మ వెతికిన కాణీ

సుబ్బరత్నమ్మ నోటికి కడప బస్టాండు కండక్టర్లే భయపడేవారు. అక్కడ ఆమెకు బొరుగుల అంగడి, పక్కనే నాకు సైకిళ్ళ అంగడి. అరువు అడిగినవాడికి బొరుగులకంటే ముందు తిట్లు పడేవి. నాకూ పడ్డాయి, అబద్ధమెందుకు?

ఆమెకు చదువు రాదు కానీ అంకెలు వచ్చు. బడిలో వేసేటప్పుడు పుట్టిన సంవత్సరం అడుగుతారని ఎవరో చెప్పారట. బిడ్డ పుట్టిన ప్రతిసారీ ఆ సంవత్సరం ముద్ర ఉన్న రాగి కాణీ ఒకటి సంపాదించి దేవుని గూట్లో పెట్టేది. పెద్దకొడుకును బడిలో చేర్చింది ఆ కాణీ చూపించే. చిన్నవాడినీ అంతే. నడిమిది హనుమంతమ్మ. ఆ పిల్ల బడి ఈడు రాకముందే విషజ్వరంతో పోయింది.

పోయిన బిడ్డ కాణీని బతికున్నవాళ్ళ కాణీల పక్కన పెట్టకూడదని అత్త రామసుబ్బమ్మ పట్టుబట్టింది. మా ఇళ్ళలో అదే ఆనవాయితీ. పోయిన పసిబిడ్డల పేరు ఎవరూ ఎత్తరు. సుబ్బరత్నమ్మ వినలేదు. బిడ్డకు ఫోటో లేదు, పూడ్చినచోట రాయి లేదు. మిగిలింది ఆ కాణీ ఒక్కటే. ప్రతి శుక్రవారం పూజ సామాన్లతో పాటు మూడు కాణీలనూ చింతపండు, ఇటుకపొడి వేసి తోమేది. మగపిల్లలవి గబగబా తోమేసి, ఆడపిల్లది మాత్రం నలుగు పెట్టినట్టు చాలాసేపు రుద్దేది. ఏళ్ళ తరబడి రుద్దగా రుద్దగా దాని మీది సంవత్సరం అరిగిపోయింది. ఉత్త రాగిబిళ్ళ మిగిలింది. ఆ సంగతి గమనించిన రోజు ఆమె అంగడి తెరవలేదు.

యాభైయేడులో నయాపైసలు వచ్చాయి. పాత కాణీలన్నీ బ్యాంకుకు చేరి, అక్కణ్ణుంచి కరిగించడానికి పోతాయని బజారంతా చెప్పుకున్నారు. హనుమంతమ్మ పుట్టిన ముప్పైతొమ్మిదో సంవత్సరపు కాణీ ఇప్పుడు దొరక్కపోతే ఇక దొరకదు. సుబ్బరత్నమ్మ పది రూపాయల నోటిచ్చి బ్యాంకులో కాణీల సంచి తెచ్చేది. బొరుగులు చెరిగే చాటలో పోసి, బియ్యంలో రాళ్ళేరినట్టు ఏరేది. లేదని తేలితే ఆ సంచి తిరిగిచ్చి ఇంకోటి అడిగేది. తిరిగొచ్చిన సంచినల్లా మళ్ళీ ఎంచలేక క్యాషియరుకు ఒళ్ళు మండింది.

ఒకరోజు నేనూ బ్యాంకులోనే ఉన్నాను.

"పాతవి ఇంక ఇవ్వనమ్మా. పైకి పంపాల," అన్నాడు క్యాషియరు.

"అవి చెల్లవని సర్కారు చెప్పిందా?"

"చెల్తాయి."

"చెల్లే దుడ్డు ఇయ్యనంటావేందప్పా? నా నోటు చెల్లదా?"

"నువ్వు ఏరుకోడానికి తీసకపోతాండావు. బ్యాంకుండాది దానికి కాదు."

"సంచి నా చేతికొచ్చినాక ఏరుకుంటానో, ఎద్దు మెడకు కట్టుకుంటానో నా ఇష్టం. నువ్విచ్చేదాకా ఈడనే కూచుంటా."

అన్నంత పనీ చేసింది. కౌంటరు ముందే చాట పెట్టుకుని కూర్చుంది. వెనక జనం పెరిగారు. ఒక పెద్దమనిషి పిచ్చిదని గొణిగాడు. ఆయనకు పడిన తిట్లు ఇక్కడ రాయడానికి వీలుకాదు. నాకు మాత్రం లోలోపల భలే సంతోషంగా ఉంది. చివరికి క్యాషియరే విసుగెత్తి సంచి తెచ్చి పడేశాడు.

అక్కడే ఏరసాగింది. బ్యాంకు మూసే వేళకు ఆమె చెయ్యి ఆగింది. ఒక కాణీని వెలుతురుకు పట్టి చూసి, నా చేతిలో పెట్టింది.

"చదువప్పా. నా కండ్లను నేనే నమ్మలేకపోతాండా."

చిలుము పట్టి నల్లగా ఉంది. కింద సంవత్సరం మాత్రం స్పష్టంగా ఉంది. ముప్పైతొమ్మిదే. చదివి చెప్పాను. ఆమె దాన్ని కొంగున ముడేసుకుని, బదులుగా తన రొండిన దోపుకున్న మామూలు కాణీ ఒకటి సంచిలో వేసి తిరిగిచ్చేసింది.

వాళ్ళ ఇల్లు అంగడి వెనకే. తోడుగా నేనూ వెళ్ళాను. ఆమె తిన్నగా గూటి దగ్గరికి పోయి, కాణీని అరిగిన బిళ్ళ పక్కనే, అన్నదమ్ముల కాణీల నడుమ పెట్టింది. మూలన కూర్చున్న అత్త లేచి వచ్చింది.

"చిలుము పట్టినదాన్ని తోమకుండా దేవుని కాడ పెడతావా? అందులోనూ పోయిన పిల్లది. మైల కాదా?"

"తోమను. ఇంక ఎప్పటికీ తోమను," అంది సుబ్బరత్నమ్మ. "దేవునికి మైలైతే దేవుణ్ణే తీసి బయట పెడతా అత్తా. నా బిడ్డ మాత్రం ఈడనే ఉంటాది."