నా ఇత్తడి గొట్టంలో ఈదిన పురుగు

రిటైరయ్యాక మనిషికి ఏదో ఒక పిచ్చి ఉండాలి కదా. నాది కుప్పంలో, పాత సామాన్ల కొట్లో దొరికింది. బొటనవేలంత ఇత్తడి గొట్టం, దానికో తోలు పెట్టె. ఆకుల్నీ పురుగుల్నీ చూడటానికి ఎప్పుడో తెల్లదొరలు జేబులో వేసుకు తిరిగిన మైక్రోస్కోపు అది. చిన్న గాజుబిళ్ల మీద వస్తువు పెట్టి, గొట్టాన్ని ఆకాశం వైపు ఎత్తి, ఒంటికన్నుతో చూడాలి. మొదటిసారి చీమ కాలికి వెంట్రుకలు కనిపించాయి. నా బుద్ధి అక్కడే పోయింది.

ఆ రోజు నుంచి మదనపల్లెలో మా ఇంట్లో ఎవరికీ మనశ్శాంతి లేదు. నా పరీక్ష పాసవకుండా కరివేపాకు రెమ్మ పోపులో పడేది కాదు. ఆదివారం చర్చిలో పాటల పుస్తకంలోంచి బయటపడ్డ పురుగును అగ్గిపెట్టెలో దాచుకుని, ప్రసంగం అయ్యేదాకా దాని మీసాల గురించే ఆలోచించాను. "ఆ గొట్టంతో నా మొగం మాత్రం సూడొద్దు" అని నా భార్య ముందే చెప్పేసింది.

నన్ను చూసి నవ్వనిది మా చెల్లెలొక్కతే. చౌడేపల్లె దగ్గర పల్లెలో పట్టుపురుగులు పెంచుతుంది. నేను ఆసుపత్రిలో పనిచేసినన్నాళ్లూ ల్యాబు కిటికీ దగ్గర కూర్చుని రోగుల పేర్లు పిలిచేవాణ్ణి. ల్యాబు గురించి నాకు తెలిసింది అంతే. వాళ్ల ఊళ్లో మాత్రం నేను ల్యాబు సారును. వినడానికి బాగానే ఉండేది.

మొన్న వానల్లో ఆమె పురుగులు కొన్ని మందకొడిగా ఉన్నాయని డబ్బాలో వేసుకుని వచ్చింది. ఇంకొన్నాళ్లలో గూళ్లు కట్టాల్సిన పురుగులు. రోగం ఉంటే షెడ్డులోవన్నీ గుంతలో వేసి, సున్నం చల్లి పూడ్చేయాల్సిందే. లేకపోతే తర్వాతి పంటకూ అంటుకుంటుంది. "సూడన్నా, నువ్వు సెప్పినట్టే సేస్తా" అని, మేత వేళవుతోందని వెంటనే తిరుగు బస్సెక్కింది.

ఒక పురుగును నలిపి గాజుబిళ్లకు పూసి ఆకాశానికి ఎత్తాను. నల్లటి దారంలాంటిదొకటి వంకర్లు తిరుగుతూ ఈదుతోంది! చూపు ఎటు తిప్పితే అటే వస్తోంది. నా జన్మ ధన్యమైందనుకుని ఫోన్ చేశాను.

"రోగం ఉండాదమ్మా. ప్రాణంతో కదలతాంది. కళ్లారా సూసినా."

"సరేన్నా. పొద్దుగూకేలోపల పూడ్సేస్తా" అంది. ఫోన్ పెట్టేసింది. నేను సిగ్గులేకుండా మా ఆవిడను కాఫీ అడిగాను.

కాఫీ వచ్చేలోపు గర్వం ఆగక టమాటా ఆకును చూశాను. అందులోనూ అదే. మల్లెరేకులో అదే. చక్కెర పలుకులోనూ అదే. మదనపల్లె మొత్తానికి రోగం తగిలిందనుకున్నాను గానీ, నా మీద నాకు అనుమానం రాలేదు. చివరికి గాజుబిళ్ల శుభ్రంగా తుడిచి చూశాను. ఈదుతోంది. గొట్టాన్ని పక్కన పెట్టేసి వట్టి ఆకాశాన్ని చూశాను. అక్కడా ఈదుతోంది.

చెల్లెలికి ఫోన్ చేస్తే ఎత్తలేదు. షెడ్డులో పనున్నప్పుడు ఆమె ఫోన్ ఇంట్లోనే వదిలేస్తుంది. పుంగనూరు బస్సెక్కి, అక్కడ ఆటో మాట్లాడుకుని, దారంతా ప్రార్థన చేసుకుంటూ పోయాను.

షెడ్డు వెనక గుంత తవ్వి ఉంది, పక్కన సున్నం మూట. గుంతలోకి తొంగిచూసే ధైర్యం లేకపోయింది. బయటివాళ్లు రోగాలు తెస్తారని షెడ్డులోకి ఎవర్నీ రానివ్వరు. అందుకే గడప బయట నిలబడి, పక్క చేలల్లో వాళ్లంతా తలలెత్తేలా అరిచాను.

"పూడ్సొద్దు తల్లీ! నేను సూసింది పురుగులో లేదు, నా కంట్లో ఉండాది!"

చెల్లెలు పురుగులు నిండిన తట్టతో బయటికి వచ్చింది. గుంతలో వేయబోతున్న మొదటి తట్ట అదే. దాన్ని కింద పెట్టి, పక్కనే కూలబడి ఏడ్చింది. నాకూ ఏడుపొచ్చింది. తిట్టినా బాగుండేది. తిట్టలేదు. చేతులు కొంగుకు తుడుచుకుని లేచి, నా గడ్డం పట్టుకుని మొహం వెలుతురుకు తిప్పి, కంట్లోకి చాలాసేపు చూసింది.

"రేపు ఈటిని సూపించను పట్టు ఆఫీసుకూ పోవాల, నిన్ను సూపించను కళ్లాసుపత్రికీ పోవాల" అంది, తట్ట ఎత్తుకుంటూ. "ముందు పురుగులు."