ఒట్టుకోడి

మా ఉప్పుపేటలో ఇప్పుడు ఎవరైనా అబద్ధమాడితే, "అ-హోంగ్‌ని పిలవమంటావా? కోడిని తెస్తుంది" అంటారు. ఆ అ-హోంగ్ నా మరదలు, నా తమ్ముడి పెళ్ళాం. ఈ మాట చెప్పేటప్పుడు నా మెడ కాస్త నిటారుగా లేస్తుంది. లేవనీ. మా ఊరిని కాచే ఓంగ్యా స్వామి గుడి ఎదుట నా చేపగంజి బండి తప్ప, మా ఇంట్లో గర్వంగా చెప్పుకోవడానికి ఇంకేముంది గనక!

అ-హోంగ్‌కీ, ఖూ సియూలింగ్‌కీ బడిలోనే స్నేహం కుదిరింది. ఖూ వాళ్ళ ఇంటిపేరు. తాత రైతు సంఘం పెద్ద, తండ్రి ఊరి అధ్యక్షుడు, అన్న జిల్లా సభలో సభ్యుడు. సముద్రం వైపున్న పాలబొంత చేపల చెరువులన్నీ వాళ్ళవే. బడిలో సియూలింగ్ హెడ్మాస్టరు గారి చేపల తొట్టి పగలగొడితే, ఎండలో మోకాళ్ళ మీద నిలబడింది అ-హోంగ్. "ఖూ వాళ్ళ పిల్లని ఎవరు నిలబెడతారు వదినా? ఎవరో ఒకళ్ళు నిలబడాలిగా" అని చెప్పి నవ్వేది.

అలాగని సియూలింగ్ మొదటినుంచీ చెడ్డదంటే నా కళ్ళు పోతాయి. అ-హోంగ్‌కి కాన్పు కష్టమైతే తన కారులోనే పట్నం ఆసుపత్రికి తీసుకెళ్ళి, బిడ్డ ఏడుపు వినేదాకా వరండాలోంచి కదల్లేదు. కాలవ లాకు దగ్గర గేటు కాసే లస్కరు ఉద్యోగం ఇప్పించిందీ తనే. అ-హోంగ్ కూడా ప్రతి ఎన్నికలోనూ మైకు బండెక్కి, ఖూ వాళ్ళకు ఓటెయ్యమని గొంతు పోయేదాకా అరిచేది.

ఆ లాకు గేటు ఎత్తి ఉంటే వాననీళ్ళు ఖూ వాళ్ళ చెరువుల గట్లను ఒరుసుకుంటూ సముద్రంలో కలుస్తాయి. దించితే వాళ్ళ గట్లు భద్రం, ఉప్పుపేట మునక. తుఫానొస్తే లస్కరు అక్కడే కూర్చోవాలి, గేటు ఎత్తే ఉంచాలి.

ఆ ఏటి తుఫాను రోజు మధ్యాహ్నం సియూలింగ్ ఫోన్ చేసింది.

"అమ్మకి జ్వరమే. కింద గదిలోకి నీళ్ళొచ్చేలా ఉన్నాయి, మేడమీదికి ఎక్కించాలి. నిన్ను తప్ప ఎవర్నీ ముట్టుకోనివ్వదు. గేటు ఎత్తే ఉందిగా, ఒక్కసారి వచ్చి పోవే."

అ-హోంగ్ పరిగెత్తింది. వీపున వేసుకుని మెట్లెక్కుతుంటే ఆ పెద్దావిడ, "నాకేం రోగమే? నన్నెందుకు మోస్తున్నావ్?" అని ఒకటే గొణుగుడు. జ్వరం మాటలనుకుంది మా పిచ్చిది.

తిరిగొచ్చేసరికి గేటు దింపేసి ఉంది. ఆ గేటు రెండో తాళంచెవి ఉండేది ఖూ వాళ్ళింట్లోనే. అ-హోంగ్ మళ్ళీ ఎత్తింది గాని, అప్పటికే ఉప్పుపేటలో నడుంలోతు నీళ్ళు. పందులు పోయాయి, ఆల్చిప్పలు పెంచే తెప్పలు పోయాయి, నా గంజి బండి బడి గోడ పక్కన తలకిందులుగా దొరికింది. లస్కరు నిద్రపోయి ఊరు ముంచిందని జనం మొహానే అన్నారు. నాకూ ఒళ్ళు మండింది.

"నోరు విప్పవే! ఎక్కడికి పోయావో చెప్పు!"

"సియూలింగ్ చెప్తుందిలే వదినా. తనకి తెలుసుగా."

సియూలింగ్ చెప్పలేదు. పైగా ఆ చలికాలం జిల్లా సభకు అన్న బదులు తనే నిలబడింది. ఎదుటి పక్షంవాడు మైకులో సవాలు విసిరాడు: "గేటు నువ్వు దింపించలేదని ఓంగ్యా స్వామి ముందు కోడి తల నరికి ఒట్టెయ్యి!" మా దగ్గర ఆ సవాలొస్తే తప్పించుకుని తిరగలేరు. తెల్లపుంజును పట్టుకుని, అబద్ధమైతే నా గతీ నా పిల్లల గతీ ఇంతే అని ఒక్క వేటు వెయ్యాలి. కోర్టులో గలగలా అబద్ధాలాడేవాడికి కూడా అక్కడ నాలుక పిడచగట్టుకుపోతుంది.

మర్నాడు నేనూ అ-హోంగూ వాకిట్లో ఆల్చిప్పలు ఒలుస్తుంటే సియూలింగ్ వచ్చింది. పీట లాక్కుని తనూ కత్తి అందుకుంది.

"నా బదులు లస్కరే వచ్చి ఒట్టేస్తుందని చెప్పేశానే. పొరపాటున గేటు దింపి నిద్రపోయానని చెప్పు, చాలు."

"నేను నిద్రపోలేదుగా."

"దేవుడికి మాత్రం రాజకీయం తెలీదా ఏంటి? మీ అబ్బాయికి రైతు సంఘంలో ఉద్యోగం, నాదీ పూచీ."

"వాడి మెడే కదే, కోడితోపాటు కత్తికింద పెట్టమంటున్నావు." అ-హోంగ్ చేతిలో చిప్ప కింద పెట్టింది. "మీ అమ్మకి ఆ రోజు నిజంగా జ్వరమేనా?"

సియూలింగ్ కత్తి జారి వేలు తెగింది. చీరుకున్న వేలిని నోట్లో పెట్టుకుని లేచింది. "ఈ ఇల్లు కట్టుకున్న జాగా మా నాన్న ఇచ్చిందే. మర్చిపోకు" అని వెళ్ళిపోయింది.

గుడిముందు ఇసకేస్తే రాలని జనం, టీవీ కెమెరాలు. మొద్దుమీద కత్తి పెట్టారు. అ-హోంగ్ తెల్లపుంజును చంకలో పెట్టుకుని స్వామికి ఎదురుగా నిలబడింది. దాని గొంతు జనం చివరిదాకా వినిపించింది.

"స్వామీ! నేను నిద్రపోలేదు. సియూలింగ్ పిలిస్తే వెళ్ళి వాళ్ళమ్మని మేడెక్కించాను. గేటు వదిలి వెళ్ళడం నా తప్పే. ఇందులో అబద్ధముంటే నేనూ నా కొడుకూ ఈ కోడిలాగే పోతాం. గేటు ఎవరు దింపారో చూళ్ళేదు. చూడనిదానికి ఒట్టెయ్యను."

ఇటు తిరిగి, కోడినీ కత్తి పిడినీ సియూలింగ్ ముందుకు చాపింది.

"దింపించలేదని నువ్వెయ్యవే ఒట్టు. నువ్వేస్తే నేను నమ్ముతా."

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, సియూలింగ్ రెండు చేతులూ వెనక్కి పోయాయి. అందరూ చూశారు. ఎదుటి పక్షంవాడు మైకులో నవ్వబోతే అ-హోంగ్ కసిరింది: "నువ్వు నోర్మూసుకో. ఇది మా ఇద్దరి సంగతి." ఆ మాటకి నేను ఏడ్చాను. మా ఇంటి కోడలు మరి!

పై ఊళ్ళ ఓట్లతో సియూలింగ్ గెలిచింది. అ-హోంగ్‌కి ఉద్యోగం పోయింది, జాగా పోయింది. మునిగిన ఉప్పుపేటవాళ్ళే కర్రలూ రేకులూ మోసుకొచ్చి, నా బండి వెనక ఇల్లు వేశారు. ఆ కోడిని మేమే పెంచుతున్నాం.

మొన్న సియూలింగ్ ఒక్కతే వచ్చి గంజి అడిగింది. అ-హోంగ్ గిన్నె తెచ్చిపెట్టింది. సియూలింగ్ తల వంచుకునే అంది:

"బడిలో నాకోసం మోకాళ్ళ మీద నిలబడ్డావు. ఈసారి ఎందుకు నిలబడలేదే?"

"అప్పుడు 'తొట్టి నేనే పగలగొట్టానే, భయమేస్తోంది' అని నా చెయ్యి పట్టుకున్నావు. ఈసారి అమ్మకి జ్వరమన్నావు."

సియూలింగ్ గంజి సగంలో వదిలేసి లేచింది. అ-హోంగ్ కాసేపు ఆ దారివైపే చూసి, మిగిలిన మెతుకులు కోడికి వేసింది.