బానెట్ ఎత్తని బండి

నా పెండ్లి అరవై తొమ్మిది తెలంగాణ ఉద్యమం రోజుల్లో జరిగింది. జనగామలో బడులు బంద్, బస్సులు బంద్, పొద్దున తెరిచిన దుకాణం మధ్యాహ్నానికి బంద్. అప్పగింతలయ్యాక నన్ను తొర్రూరు తీసుకుపోవడానికి మా ఆయన తన అమెరికా కారు వేసుకొచ్చాడు. ఊరు దాటగానే కాలేజీ పిల్లలు రోడ్డుకడ్డంగా రాళ్లు పేర్చి కూర్చున్నారు. నేను భయంతో కొంగు నోట్లో కుక్కుకున్నాను. వాళ్లు లేచి వచ్చి కారు చుట్టూ ఒక ప్రదక్షిణం చేశారు. అందులో ఒకడు "అన్నా, దీనికి ఎన్ని సిలిండర్లు?" అని అడిగాడు.

అంతే, మా ఆయన దిగి బానెట్ ఎత్తాడు. కొత్త పెండ్లాం మొహం ఇంకా సరిగ్గా చూడని మనిషి, ముక్కూ మొహం తెలియని పదిమందికి ఇంజిన్‌ను అరగంటసేపు చూపించాడు. చివరికి ఆ పిల్లలే రాళ్లు పక్కకు జరిపి, "జై తెలంగాణ" అంటూ మమ్మల్ని సాగనంపారు. నాకు ఒక సవతి ఉందని ఆ రోజే తెలిసింది.

ఆ సవతి యాభై మోడల్. మీద పాలమీగడ రంగు, కింద లేత ఆకుపచ్చ. ముందు భాగమంతా మెరిసే కడ్డీలు, పెద్ద పళ్లతో నవ్వుతున్నట్టు ఉండేది. మా ఆయనకు మిరపకాయల కమీషన్ దుకాణం. బస్తాల మధ్య పొద్దంతా తుమ్ముతూ పనిచేసి, ఇంటికి రాగానే చేతులు కడుక్కొని కారు దగ్గరికి పోయేవాడు. నా వెండి కుందులు తోమడానికి తెచ్చుకున్న పొడి సగం ఆ కడ్డీలకే అయిపోయేది. సీట్లకు కొబ్బరినూనె పట్టించేవాడు. ఒకసారి నా తలకు నూనె లేదంటే, "కారుకు పెట్టంగ మిగిలింది సీసల ఉన్నది సూడు" అన్నాడు. నేను రెండు రోజులు మాట్లాడలేదు. ఆయన గమనించలేదు.

ఇలాంటి పిచ్చివాళ్లు మా చుట్టుపక్కల ఇంకా ఉన్నారని తర్వాత తెలిసింది. జనగామలో ఇద్దరు, మానుకోటలో ఒకరు, స్టేషన్ ఘన్‌పూర్‌లో ఒక బట్టల వ్యాపారి, ములుగు వైపు ఘనపూర్‌లో ఒక పెద్దాయన. మొత్తం ఆరు బండ్లు. పెద్ద పెద్ద ఇళ్లవాళ్లు హైదరాబాద్‌కు మకాం మార్చినప్పుడు కొట్టాల్లో వదిలేసిపోయిన కార్లు అవి. దసరా తర్వాత వచ్చే ఆదివారం ఆరుగురూ తొర్రూరులో కలిసేవాళ్లు. ఊరి బయట మా మిరపకల్లం ఆ రోజుల్లో ఖాళీగా ఉండేది. అందులో బండ్లన్నీ వరుసగా నిలబెట్టి, బంతిపూల దండలు వేసి, ఒకరి బండి ఒకరు మెచ్చుకుంటూ, లోపల లోపల తమ బండే మేలని అనుకుంటూ సాయంత్రం దాకా గడిపేవాళ్లు. వంటా చాయ్ నా వంతు.

ఆ రోజు అసలు సంబరం దస్తీ పరీక్ష. అందరూ బానెట్లు ఎత్తుతారు. పెద్దాయన తెల్లటి దస్తీ ఒకటి జేబులోంచి తీసి, ఒక్కో ఇంజిన్‌ను మెల్లగా తుడిచి, పైకెత్తి వెలుతురులో చూస్తాడు. ఎవరి బండి దగ్గర మరక ఎక్కువ అంటుతుందో వాళ్లు అందరికీ చాయ్ తాపించాలి. తాగేది ఒక్క గ్లాసు చాయే గానీ, ఆ అవమానం మళ్లీ దసరా దాకా ఉండేది. మానుకోట ఆయన ఒకసారి ఓడిపోయి భోజనం చేయకుండా వెళ్లిపోయాడు.

పెద్దాయన బండికి మాత్రం పరీక్ష లేదు. ఆయన అందరికంటే పెద్దవాడు, పైగా తీర్పరి. ఒకప్పుడు ఘనపూర్ దగ్గర ఒక దొరల గడీలో డ్రైవరు. దొరలు పట్నం పోతూ "నీ చేతికే అలవాటైన బండి, నువ్వే ఉంచుకో" అని ఇచ్చిపోయారట. నల్లటి నలభై ఏడు మోడల్. అందులో మొహం చూసుకొని బొట్టు పెట్టుకోవచ్చు. రెండెకరాల వ్యవసాయంతో ఆయన ఆ బండిని అలా ఎలా ఉంచాడో మాకెవరికీ అర్థమయ్యేది కాదు. ఆయన ఎప్పుడూ అందరికంటే చివర వచ్చేవాడు. వరంగల్ రోడ్డు మలుపు నుంచే హారన్ కొట్టేవాడు. మావాళ్లంతా లేచి నిలబడేవాళ్లు.

పెట్రోలు ధర పెరిగిన తర్వాత వరంగల్ వైపు చాలామంది ఇలాంటి కార్లలో అసలు ఇంజిన్ తీసేసి డీజిల్ ఇంజిన్ పెట్టించుకున్నారు. ఒక ఏడాది బట్టల వ్యాపారి కూడా నసుగుతూ ఆ మాటే ఎత్తాడు. పెద్దాయన దస్తీ మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"గా పని చెయ్యకు తమ్మీ. అమెరికా బండికి డీజిల్ ఇంజిన్ పెట్టుడంటే పెండ్లి పిల్లగాని నోట్లకెల్లి ముసలోని దగ్గు ఇనవడ్డట్టు. అసొంటి బండి మన వరుసల నిలవడద్దు. గిది షర్తు."

అందరూ సరేనన్నారు. బట్టల వ్యాపారి మొహం మాడిపోయింది. ఆ తర్వాత ఆయన బండి ఎక్కువగా ఇంట్లోనే ఉండేది, దసరాకే బయటికి వచ్చేది.

రెండేళ్లు గడిచాక ఒక మార్పు చూశాను. పెద్దాయన చివర రావడం మానేశాడు. మేము కల్లానికి చేరేసరికే ఆయన బండి వరుసలో మొదట నిలబడి ఉండేది. సాయంత్రం అందరూ వెళ్లిపోతున్నా కదిలేవాడు కాదు. "మీరు వోండ్రి, నేను మెల్లగ వోత" అనేవాడు. వయసు మీద పడ్డది, నిదానంగా పోతాడులే అనుకున్నాం.

ఆ ఎండాకాలం మా అక్కతో కలిసి ఘనపూర్‌లో చుట్టాలింటికి పోయాను. పెద్దాయనకు ఇవ్వమని మా ఆయన ఒక మైనపు పాలిష్ డబ్బా పంపాడు. చెప్పాపెట్టకుండా ఆయన వాకిట్లోకి వెళ్లాను. కొట్టంలోంచి గిర్ని నడుస్తున్నట్టు చప్పుడు వస్తోంది, డగడగడగా. పిండిగిర్ని పెట్టుకున్నారేమో అనుకున్నాను. తీరా చూస్తే కదులుతున్నది ఆ నల్ల బండి. వెనక సీట్లో ఆయన భార్య, అవ్వ, దిండుకు ఆనుకొని కూర్చుంది. నన్ను చూడగానే పెద్దాయన బండి ఆపేశాడు.

పాలిష్ డబ్బా ఇంకా నా చేతిలోనే ఉంది. ఆయనే దిగి వచ్చాడు.

"అవ్వకు ఆయాసం బిడ్డా. పదైదు దినాలకొకపారి వరంగల్ దవాఖానకు తీస్కపోవాలె. బస్సుల కూసోలేదు. పెట్రోలు పోసుడు నాతోని కాలే, డీజిల్ ఇంజిన్ వెట్టిచ్చిన. ఏం జెయ్యాలె? బండిని సూస్కుంట కూసుంటె మనిషి దక్కదాయె."

"దీంట్ల తప్పేమున్నది బాపూ?" అన్నాను.

"తప్పు లేదు. కని షర్తు వెట్టింది నేనేనాయె. గా తమ్మిని పదిమందిల గంత మాటన్న. ఇప్పుడు తెలిస్తె నా బండి వరుసల నిలవడదు. ఏడాదికి గా ఒక్క దినం కోసమే ఉన్న బిడ్డా. నువ్వు సూసింది జర కడుపుల వెట్టుకో."

పెట్టుకున్నాను. అది ఎంత కష్టమో మా ఆయన లాంటి మనిషితో కాపురం చేసినవాళ్లకే తెలుస్తుంది. అన్నం తినేటప్పుడు ఆ కార్ల ముచ్చటే, పడుకునేటప్పుడు ఆ కార్ల ముచ్చటే. "పెద్దన్న ఇంజిన్ అసలు చప్పుడే చెయ్యదు" అని ఆయన పొగుడుతుంటే నేను చారులో చింతపండు పిసుకుతూ తల వంచుకునేదాన్ని. పెద్దాయన మీద జాలి, కొంచెం కోపం కూడా. అంత కఠినంగా ఎందుకు మాట్లాడాలి, ఇప్పుడు తెల్లవారకముందే దొంగలా ఎందుకు రావాలి అనిపించేది.

ఎనభయ్యో సంవత్సరం దాటాక బట్టల వ్యాపారి కూతురి పెండ్లి వచ్చింది. స్టేషన్ ఘన్‌పూర్‌కు నాలుగు మైళ్ల దూరంలో ఆయన సొంత ఊళ్లో. పెండ్లికొడుకు వాళ్లు పొద్దున ఎనిమిది గంటల ప్యాసింజర్‌కు దిగుతారు, తొమ్మిదిన్నరకు ముహూర్తం. ఆరు అమెరికా కార్లు వరుసగా స్టేషన్‌కు వచ్చి తీసుకుపోతాయని వియ్యాలవారికి ముందే ఘనంగా చెప్పి ఉంచారు. అందరూ ముందురోజు సాయంత్రానికే చేరారు. పెద్దాయన, అవ్వ అంతకు ముందురోజే, వ్యాపారి ఊళ్లో లేని వేళ చూసి, వచ్చి ఉన్నారు. అవ్వ ఆయాసం అప్పటికి చాలా తగ్గింది.

ఆ సాయంత్రం అందరూ కూర్చున్నప్పుడు పెద్దాయన ఉషారుగా ఒక మాట అన్నాడు. "పొద్దుగాల వియ్యాలోల్ల ముంగట దస్తీ పరీక్ష వెడత. సూడనియ్యి మనమేందో."

ఇక చూడాలి మావాళ్ల అవస్థ. కోడికూతకు లేచి ఐదుగురూ బండ్లను బావి దగ్గరికి తీసుకుపోయారు. బానెట్లు ఎత్తి, మోటారు పెట్టి, సబ్బు నీళ్లతో ఇంజిన్లను గేదెల్ని కడిగినట్టు కడిగారు. పళ్లు తోముకునే బ్రష్షులతో సందుసందునా తోమారు. మా ఆయన నా కొత్త తువ్వాలు కూడా తీసుకుపోయాడు. ఏడు గంటలకు ఐదు బండ్లు అక్కడే బావి పక్కన ధగధగలాడుతూ వరుసలో నిలబడ్డాయి. పెద్దాయన మాత్రం "నాది కడిగే ఉన్నది, మీరు ముంగట వోండ్రి, నేను ఎనక వస్త" అని తన బండి దగ్గరే కూర్చున్నాడు.

బయలుదేరదామని మా ఆయన సెల్ఫ్ కొట్టాడు. బండి మూలిగింది తప్ప అందుకోలేదు. పక్కన జనగామ బండి, దాని పక్కన మానుకోట బండి, అన్నీ అదే మూలుగు. ప్లగ్గులకు కరెంటు పంచే మూతల్లోకి నీళ్లు పోయాయి. పట్టుపంచె కట్టుకున్న ఐదుగురు పెద్దమనుషులు బానెట్లలోకి తలలు దూర్చి, తీగల మీద నోటితో ఊదుతూ నిలబడ్డారు. నాకు నవ్వు ఆగలేదు. అంతలోనే దూరంగా రైలు కూత వినిపించి, నవ్వు ఆగిపోయింది. ఎడ్లబండ్ల మీద పోయి తీసుకొచ్చేసరికి ముహూర్తం దాటిపోతుంది. పెండ్లికూతురి తల్లి అప్పుడే కళ్లు ఒత్తుకుంటోంది.

"పెద్దన్నా, నీ బండి తియ్యి" అన్నాడు మా ఆయన.

పెద్దాయన లేచి తలుపు తీసి కూర్చున్నాడు. చెయ్యి తాళం మీదకు పోయింది, అక్కడే ఉండిపోయింది. నా వైపు చూశాడు. ఆ బండిలో పెట్రోలు అయిపోయిందట అని ఒక్క అబద్ధం ఆడితే ఆయన పరువు నిలుస్తుంది. పిల్ల ముహూర్తం పోతుంది. నోరు తెరిచి మళ్లీ మూసుకున్నాను.

ఆడవాళ్ల మధ్య నుంచి అవ్వ లేచింది. చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకొని వచ్చి ముందు సీట్లో ఆయన పక్కన కూర్చుంది.

"ఏంది సూస్తున్నవ్? పిల్లగాడు స్టేషన్ల నిలవడ్డడు. నీ ఇజ్జత్ సంగతి మల్ల సూస్కుందువు గని, బండి తియ్యి."

ఆయన తాళం తిప్పాడు. డగడగడగా ఊరంతా అదిరింది. ఐదు తలలూ బానెట్లలోంచి బయటికి వచ్చాయి. మా ఆయన చేతిలోని తువ్వాలు బురదలో పడింది. నల్ల బండి దుమ్ము లేపుకుంటూ పోయింది. పెండ్లికొడుకును, అతని తల్లిదండ్రులను, వాళ్ల పురోహితుణ్ని ఒకే సీట్లో ఇరికించుకొని తొమ్మిది గంటలకు తెచ్చి దింపింది. మళ్లీ పోయి ముసలివాళ్లను తెచ్చింది. మిగతావాళ్లు ఎడ్లబండ్ల మీద నవ్వుకుంటూ వచ్చారు. ముహూర్తం తప్పలేదు.

తలంబ్రాలు అయ్యాక చూస్తే నల్ల బండి వరుసలో లేదు. పెద్దాయన దాన్ని తీసుకుపోయి పశువుల కొట్టం వెనక నిలబెట్టుకున్నాడు. వచ్చి దస్తీని మడత పెట్టి మా ఆయన చేతిలో పెట్టాడు.

"ఇగ గిది నువ్వే వట్టుకో. డీజిల్ బండి వరుసల నిలవడద్దని నేనే అన్న."

మా ఆయన దస్తీని అరచేతిలో అటూఇటూ తిప్పాడు. అప్పుడు బట్టల వ్యాపారి వచ్చాడు, చేతులకు ఇంకా పసుపుతోనే. ఆ షర్తు వల్ల పదిమందిలో తల వంచుకున్నది ఆయనే. ఏమంటాడోనని నేను దగ్గరికి జరిగాను. ఆయన నేరుగా కొట్టం వెనక్కి పోయి, ఇన్నేళ్లూ ఎవరూ ఎత్తని ఆ బానెట్ ఎత్తాడు. భుజం మీది కొత్త తెల్ల కండువా తీసి, డీజిల్ ఇంజిన్‌ను పై నుంచి కింద దాకా గట్టిగా తుడిచి, పైకెత్తి పట్టుకున్నాడు. కండువా కొన్నప్పుడు ఎట్లా ఉందో అట్లాగే ఉంది. పసుపు వేళ్ల ముద్ర తప్ప ఇంకే మరకా లేదు.

"నా బిడ్డ పెండ్లికి అందుకున్న బండి గిదొక్కటే" అన్నాడు. "గిది వరుసల లేకుంటె నా బండి గూడ లేదు అన్నా."

పెద్దాయన అక్కడే అరుగు మీద కూర్చొని రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. నేను కూడా ఏడ్చాను, దాచడం ఎందుకు. అవ్వ మాత్రం నింపాదిగా, "చాయ్ ఎవలు తాపిస్తరు?" అని అడిగింది. మా ఆయన దస్తీతో మా బండి ఇంజిన్ తుడిచాడు. పొద్దుటి తడికి దుమ్ము అంటుకొని నల్లటి బురద వచ్చింది. ఆ రోజు పెండ్లివాళ్లందరికీ చాయ్ మేమే తాపించాం.

తిరిగి వచ్చేటప్పుడు మా ఆయన సగం దారిలో బండి వేగం తగ్గించాడు. తర్వాత, "నీకు ముందుగాలనే తెలుసా?" అన్నాడు. తెలుసన్నాను.

"గిన్ని దినాలు ఎట్ల దాచినవ్?"

"అందరికి బానెట్ లేపి సూపెట్టే అలవాటు మీకున్నది, నాకు లేదు."

ఆ ఏడు దసరా తర్వాతి ఆదివారం కల్లంలో ఐదు బండ్లు చేరాయి. మధ్యలో ఒక బండి పట్టేంత చోటు వదిలి నిలబెట్టారు. పది దాటింది, పదకొండు కావస్తోంది. వరంగల్ రోడ్డు మలుపు నుంచి ముందు డగడగ చప్పుడు, దాని వెనకే హారన్ వినిపించాయి. మావాళ్లంతా లేచి నిలబడ్డారు. నేను పొయ్యి మీద చాయ్ గిన్నె పెట్టాను.