నాలుగో అంతస్తు మీది ఎండ

ఆ కొండ ఊళ్ళో పొద్దున్నే ఎదురైన మనిషిని ఎవరైనా "బాగున్నారా" అని పలకరిస్తారు. ఆవిడ మాత్రం "ఇవాళ ఎండ వస్తుందంటారా?" అని అడిగేది. పాలవాణ్ణి అడిగేది, బస్సు డ్రైవర్ని అడిగేది, బడికి పరిగెత్తే పిల్లల్ని ఆపి మరీ అడిగేది. అలా అడిగీ అడిగీ ఆవిడకు ఎండక్క అనే పేరు స్థిరపడిపోయింది. అసలు పేరేమిటంటే కట్టుకున్న మొగుడు కూడా ఒక్క క్షణం తడుముకుని చెప్పాలి.

ఆ మొగుడు ఇస్త్రీ చేస్తాడు. వీధి వీధంతటికీ ఇస్త్రీ బావ. నోట్లో నాలుక లేని మనిషి. "మా ఇద్దరికీ కలిపి ఒకటే నోరు. అది ఆవిడ దగ్గర పెట్టాం" అని తన మీద తనే హాస్యమాడుకునేవాడు. ఆవిడ ఉతుకుతుంది, ఇతను ఇస్త్రీ చేస్తాడు. పెళ్ళయిన కొత్తలో ఇద్దరూ మైదానం నుంచి కొండెక్కి వచ్చినప్పుడు ఊరంటే ఒక్కటే వీధి. ఎండాకాలం చల్లదనానికి వచ్చేవాళ్ళ కోసం రెండు లాడ్జీలు. ఆ లాడ్జీల దుప్పట్లూ, దిండు గలీబులూ వీళ్ళింటికే వచ్చేవి.

ఇల్లంటే ముందొక గది, వెనకొక వంటగది. ముందు గదిలో బల్ల మీద పాత కంబళి మడతలు వేసి పరిచి, దాని మీద ఇస్త్రీ. వెనక, కొండ వాలును మెట్లలా చెక్కిన పెరడు. కింది మెట్టు మీద ఉతుకుడు బండ, దాని నెత్తిన పైపులోంచి ఆగకుండా పడే ఊటనీళ్ళు. పైమెట్టు మీద దండేలు.

కొండ మీద నీళ్ళకు కరువు లేదు, బతిమాలుకోవలసింది ఎండనే. పొద్దున పొగమంచు, సాయంత్రం మబ్బు. మధ్యలో కాసేపు, కలిగినింటి చుట్టంలా ఎండ ఆ పెరట్లోకి వచ్చి, కూర్చోమన్నా కూర్చోకుండా వెళ్ళిపోయేది. ఆ కాసేపూ ఎండక్కను చూడాలి. తడి అంచు పైకి, ఆరిన అంచు కిందికి తిప్పుతూ, ఎండ ఎటు జరిగితే దుప్పట్లను అటు జరుపుతూ, కొంగు బొడ్లో దోపుకుని దండేల మధ్య తిరుగుతుంటే ఇస్త్రీ బావ కిటికీలోంచి చూస్తూ ఉండిపోయేవాడు. ఒకసారి అలాగే చూస్తూ లాడ్జీ మేనేజరు చొక్కా జేబు మాడ్చేశాడు. "ఎటు చూస్తున్నావయ్యా?" అని మేనేజరు అడిగితే, "మా ఆవిడ వైపు" అని ఉన్నమాట చెప్పాడు. మేనేజరు నవ్వి ఊరుకున్నాడు.

ఎండక్కకు నొప్పులొచ్చిన రోజున ఊళ్ళో డాక్టరు లేడు. కిందికి పోయే బస్సెక్కించారు. సగం దారి కూడా పోలేదు, ఒక పెద్ద మలుపు దగ్గర డ్రైవరు బస్సాపి మగవాళ్ళందర్నీ దింపేశాడు. ఇస్త్రీ బావ రోడ్డు పక్క రాయి మీద కూర్చుని, లోపల్నుంచి పసిదాని ఏడుపు వినబడేదాకా కళ్ళు తెరవలేదు. ఆడపిల్ల. బస్సులో వాళ్ళే పిల్లకు మలుపు అని పేరు పెట్టేశారు. అందుకే, ఊరు పెరిగిపోతోందని ఎవరైనా మూతి విరిస్తే ఎండక్క ఊరుకునేది కాదు. "పెరగనివ్వండి. పెరక్కపోతే రేపు నా కూతురు కూడా బస్సులోనే కనాలి" అనేది.

ఊరు పెరిగింది. రోడ్డు వెడల్పయింది. ఆసుపత్రి వచ్చింది, దాని వెనకే నర్సింగు కాలేజీ వచ్చింది. మలుపు ఇంటి అన్నం తింటూనే, తెల్ల కోటు తొడుక్కుని నడిచి వెళ్ళి చదువుకుంది. ఆ కోటును ఎండక్క ఇంకెవర్నీ ముట్టుకోనిచ్చేది కాదు. లాడ్జీలు పుట్టగొడుగుల్లా లేచాయి. దుప్పట్లు మూటలు మూటలుగా వచ్చాయి. బొగ్గుల పెట్టె పోయి కరెంటు ఇస్త్రీపెట్టె వచ్చింది, ఇంటికి మరో గది వచ్చింది.

దాంతోపాటు రావలసినవీ వచ్చాయి. ఊటనీళ్ళు పైనున్న లాడ్జీలు పంచుకోగా పంచుకోగా పైపులో ధార సన్నబడింది. హారన్ల మోతకు వీధిలో మాట వినబడేది కాదు. ఒకప్పుడు చీకట్లో ఎవరైనా దగ్గితే అది ఎవరి దగ్గో చెప్పగలిగేవాళ్ళు. ఇప్పుడు పట్టపగలు ఎదురుగా నిలబడ్డ మనిషి ఎవరో తెలియదు. అయినా ఎండక్క సర్దుకుంది. "పిల్ల ఎదుగుతుంటే గౌన్లు చిరగవా మరి" అంది.

ఆ సర్దుబాటుకీ ఒక హద్దు వచ్చి పడింది. వాళ్ళ పెరటికి ఎదురుగా, కింది వాలులో ఒక కాంట్రాక్టరు సొంతానికి లాడ్జీ మొదలుపెట్టాడు. మొదటి అంతస్తు పెరటి కాళ్ళ దగ్గర ఆగింది. రెండోది ఉతుకుడు బండ మీదికి నీడ తెచ్చింది. మూడోది వాళ్ళ కిటికీకి ఎదురుగా కిటికీ తెరిచింది. నాలుగో అంతస్తు లేచేసరికి దండేల మీద ఎండ అన్నది లేదు. ఎండంతా ఆ డాబా మీద పడి, అక్కడే తిరిగి, అక్కణ్ణించే వెళ్ళిపోయేది.

దుప్పట్లు రోజుల తరబడి చెమ్మగా వేలాడాయి. ఇస్త్రీ బావ ఎంత వేడిపెట్టె తోమినా ముక్కవాసన పోయేది కాదు. ఒక లాడ్జీ వాళ్ళు మూట తిప్పి పంపారు. కింద మైదానంలో మిషన్లతో ఉతికేవాళ్ళున్నారట, వ్యానేసుకుని వస్తారట అని మరో లాడ్జీ వాళ్ళు చెవిన వేశారు.

"కిందికి పోదామే" అన్నాడు ఇస్త్రీ బావ ఒకరోజు, బల్ల మీంచి తలెత్తకుండా. "మా అన్నయ్య ఊళ్ళో ఎండ ఊరికే దొరుకుతుంది."

"గుడ్డలకు దొరుకుతుంది. మలుపు ఉద్యోగం ఇక్కడ. మీ మోకాలికి మందులిచ్చే డాక్టరిక్కడ. నేను తిట్టుకునే మనుషులంతా ఇక్కడ. అక్కడికెళ్ళి ఎవర్ని తిట్టను?"

"నన్ను తిట్టు."

"మిమ్మల్ని తిడితే తిరిగి ఒక్క మాటనరు. ఏం సరదా అందులో?"

పక్కింటి టైలరు వదిన గోడ మీంచి తొంగిచూసి, ఆ కాంట్రాక్టరు మీద అర్జీ పెట్టమంది. ఎండక్క అర్జీ పెట్టలేదు. తలదువ్వుకుని, తిన్నగా ఆ కాంట్రాక్టరు దగ్గరికే వెళ్ళింది. తోడుగా ఇస్త్రీ బావ వెళ్ళి గుమ్మం దగ్గరే నిలబడిపోయాడు. లోపల ఇంకా రంగువాసన, కొత్త సోఫాల మీద అట్ట కూడా తియ్యలేదు.

"బాబూ, మీ మేడ వచ్చి మా పెరట్లో ఎండ పోయింది" అంది ఎండక్క.

కాంట్రాక్టరు చెడ్డవాడు కాదు, తీరికలేనివాడు. ఫోను చెవి దగ్గర్నుంచి కాస్త జరిపి, "ఎండకు పట్టా ఉందా అమ్మా?" అన్నాడు.

"లేదు. మీకూ లేదు. ఇప్పుడదంతా మీ డాబా మీద పడి వృథాగా పోతోంది. అక్కడ నాలుగు దండేలు కట్టుకోనిస్తే మీ సొమ్మేం పోతుంది?"

"డాబా మీద హోటలు పెడతానమ్మా. టేబుళ్ళు, గొడుగులు, లైట్లు. కొండలు చూడ్డానికి వచ్చినవాళ్ళు మీ దుప్పట్లు చూస్తారా?" అని మళ్ళీ ఫోను చెవిన పెట్టుకున్నాడు.

బయటికొచ్చాక ఎండక్క కొంగు దులుపుకుంది. "కాదన్నాడు, అంతేగా. కొట్టలేదు కదా" అంది.

ఆ తర్వాత కొద్ది రోజులకు డాబా మీద ఒక ముసలావిడ కనబడింది. కాంట్రాక్టరు తల్లి. కొడుకు మైదానం నుంచి తెచ్చి నాలుగో అంతస్తు గదిలో ఉంచాడు. తలకు మఫ్లరు, కాళ్ళకు మేజోళ్ళు, భుజాన శాలువా. ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని ఎండలో కూర్చునేది. ఎండ జరిగితే లేచి, కుర్చీని ఈడ్చుకుంటూ జరిగేది. ఎండక్క కింద పెరట్లోంచి చాలాసేపు చూసింది. చూసి, అరిచింది.

"పెద్దమ్మా! చలిగా ఉందా?"

"ఎముకలు కొరికేస్తోందే అమ్మాయ్! ఇక్కడ మనుషులెలా బతుకుతున్నారే?"

"అలవాటైపోతుంది పెద్దమ్మా!"

"అలవాటయ్యేలోపే పోయేట్టున్నాను!"

ఎండక్క లోపలికొచ్చి తమ సొంత కంబళి తీసి బల్ల మీద పడేసింది. "దీన్ని వేడిగా, చెయ్యి పెడితే చురుక్కుమనేలా తోమండి" అంది. ఇస్త్రీ బావ తోమాడు. ఆవిడ దాన్ని గుండెలకు హత్తుకుని, వేడి చల్లారకముందే వాలు దిగి, మళ్ళీ నాలుగంతస్తులూ ఎక్కి ముసలావిడ ఒళ్ళో కప్పింది. ఆ పెద్దావిడ కళ్ళు మూసుకుని, దాన్ని గడ్డం దాకా లాక్కుందట.

మర్నాడూ తీసుకెళ్ళింది. ఆ మర్నాడూ తీసుకెళ్ళింది. వెళ్ళిన మనిషి ఓ పట్టాన తిరిగొచ్చేది కాదు. "పాపం పెద్దమ్మకు మాట్లాడ్డానికి మనిషి లేదండీ. లాడ్జీకి ఇంతమంది వస్తారు, పోతారు. ఫోటోలు తీసుకుంటారు గానీ ఒక్కరూ కూర్చోరట. వీధిలోకి వస్తే ఎవరింటికెళ్ళాలో తెలీదు. కొడుక్కి తీరదు" అని చెప్పేది.

ఇస్త్రీ బావకు ఒక అనుమానం పీకుతూనే ఉంది. ఒక సాయంత్రం ధైర్యం చేశాడు.

"ఏమే, నిజం చెప్పు. ఆ కంబళి ఎరేనా?"

ఎండక్క చేతిలో క్లిప్పులు బుట్టలో వేసింది. "మొదటిరోజు ఎరే" అంది. "రెండోరోజు నుంచి కాదు."

ఇస్త్రీ బావ ఆ మాటను తర్వాత ఎంతమందికి చెప్పాడో లెక్కలేదు. తనయితే మొదటిరోజు కూడా ఎర కాదని అబద్ధమాడేవాణ్ణనుకున్నాడు.

ఎండక్క దండేల ఊసు పెద్దమ్మ దగ్గర ఎత్తనేలేదు. పెద్దావిడే ఒకరోజు గోడ అంచున నిలబడి కిందికి చూసి, చెమ్మ దుప్పట్లు చూసి, తన కుర్చీ చుట్టూ ఉన్న ఎండ చూసి, కొడుకుని పిలిపించింది. ఏమందో ఎవరికీ తెలియదు. మర్నాడు ఉదయం కాంట్రాక్టరు స్వయంగా ఇస్త్రీ గదికి వచ్చాడు. ఎక్కడ కూర్చోవాలో తెలియక మూటల మధ్య నిలబడి, "హోటలు పెట్టేదాకా కట్టుకోండమ్మా. మా అమ్మ నిన్నట్నుంచీ అన్నం ముట్టనంటోంది" అన్నాడు.

దండేలు కట్టారు. నాలుగంతస్తులు తడిమూట మోయడమంటే మాటలు కాదు. ఇస్త్రీ బావ మోకాలు రెండో అంతస్తులోనే దండం పెట్టేసింది. ఎండక్కే మోసేది. మెట్టుమెట్టుకీ ఆ కాంట్రాక్టర్ని, ఇంజనీర్ని, కొండని, లిఫ్టు పెట్టని వాళ్ళ పిసినారితనాన్ని వరసపెట్టి తిడుతూ మోసేది. పైకెళ్ళాక మాత్రం, అటూ ఇటూ తెల్లగా రెపరెపలాడే దుప్పట్లు, చలిగాలి తగలకుండా వాటి మధ్య గదిలా ఏర్పడిన చోటులో పెద్దమ్మ కుర్చీ, ఆ పక్కన నేల మీద కాళ్ళు చాపుకుని ఎండక్క. ఇద్దరి నవ్వూ కింద ఇస్త్రీ బల్ల దాకా వినబడేది.

ఎండ పోయింది ఆ వీధిలో వాళ్ళొక్కరికే కాదు. టైలరు వదిన మనవడి గుడ్డలు ఆరక, పసివాడికి ఒకటే జలుబు. ఎండక్క ఆ గుడ్డలూ పైకి మోసుకెళ్ళింది. తర్వాత ఇంకొకరి పరుపు, మరొకరి రగ్గులు. చివరికి వీధిలో ఆడవాళ్ళందరూ వంతులేసుకుని మెట్లెక్కడం మొదలుపెట్టారు. కాంట్రాక్టరు గొణిగాడు. పెద్దమ్మ మాత్రం వచ్చినవాళ్ళందర్నీ పేరుపేరునా పిలిచి, వాళ్ళ అత్తగార్ల సంగతులు కూపీ లాగుతూ, చలినే మర్చిపోయింది.

రెండేళ్ళకు హోటలు రానే వచ్చింది. ఎండక్క గొడవపడలేదు. "మాటిచ్చినంతవరకూ ఇచ్చాడు" అంది. డాబా ముందు సగం టేబుళ్ళకిచ్చి, వెనక సగం పెద్దమ్మ మాట మీద తను ఉంచుకుంది. గాలి తిరిగిన రోజున ఓ దుప్పటి ఎగిరి ఎవరి కాఫీలోనో పడేది. అలాంటప్పుడు ఎండక్క వెళ్ళి, ఆ వచ్చినవాళ్ళను ఏ ఊరని అడిగి, కాసేపు నవ్వించి, కాఫీ మరకతో సహా దుప్పటి తెచ్చుకునేది. పెరడంత సుఖం కాదది. ఎండ సగమే, మెట్లు మాత్రం మొత్తం.

ఆ మధ్య ఇస్త్రీ బావ అన్నయ్య కొత్త ఇల్లు కట్టుకుంటే ఇద్దరూ మైదానానికి వెళ్ళారు. అక్కడ ఉదయం ఆరేసిన గుడ్డ టిఫిను తినేలోపు పెళపెళలాడిపోయింది. ఎండక్క దాన్ని పట్టుకుని తెల్లబోయింది. "ఇంకేం పని చెయ్యాలిప్పుడు?" అంది. ఉక్కపోతకు రాత్రి నిద్ర లేదు. అనుకున్నదానికన్నా ముందే తిరుగు ప్రయాణం కట్టారు.

ఊరు ఇంకా కనుచూపు మేరలో ఉందనగా బస్సు ఆగిపోయింది. ముందు కార్లు, కార్ల ముందు కార్లు. ఎండక్క కిటికీలోంచి తల బయటపెట్టి మొదలుపెట్టింది. "ఇదీ ఒక ఊరేనా? నడవడానికి చోటు లేదు, తాగడానికి నీళ్ళు లేవు, అందరికీ ఈ కొండే కావలసొచ్చింది!" పక్క సీట్లో ఎవరో కొత్తగా వస్తున్న ఆవిడ భయపడి, "అంత ఇబ్బందిగా ఉంటుందాండీ?" అని అడిగింది.

"ఎవరు చెప్పారు?" అంది ఎండక్క, ఆవిడ మీదికి తిరిగి. "అదిగో ఆ పచ్చమేడ ఆసుపత్రి, మా అమ్మాయి అక్కడే నర్సు. గదికి వెచ్చదనం చాలకపోతే నాకు చెప్పండి. ఆ కింద బ్రెడ్డు దుకాణం ముందు సందులో ఇస్త్రీ బావ ఇల్లెక్కడని అడగండి."

తర్వాత ఇంక కూర్చోలేక సంచీ భుజాన వేసుకుని దిగిపోయింది. ఇస్త్రీ బావ కూడా దిగాడు. వరసగా ఆగిన కార్ల పక్కనుంచి ఇద్దరూ ఎగుడు దారిన నడిచారు. ఆవిడ ముందు, ఆయన వెనక. అతని మోకాలు పట్టేసినప్పుడల్లా, వెనక్కి చూడకుండానే ఎలా తెలిసేదో, ఆవిడ ఆగి, రోడ్డు పక్క లోయలోకి ఏదో వింత చూస్తున్నట్టు నిలబడేది. అతను దగ్గరికి రాగానే మళ్ళీ కదిలేది.