నలభై తూటాలు పేలాలి

చివరి తూటా పదకొండు గంటల యాభై రెండు నిమిషాలకు పేలింది. రెండు వందల మీటర్ల అవతల ఇనుప పొట్టేలు కదిలింది. పడలేదు. వెనక్కి వాలింది, ముందుకు వచ్చింది, మళ్ళీ వాలింది. నేను దుర్భిణిని కళ్ళకు ఇంకా గట్టిగా అదుముకున్నాను. అప్పుడు పొట్టేలు వెల్లకిలా పడింది.

పక్కన వైర్‌లెస్ గరగరలాడింది. ఇనుప బొమ్మల దగ్గర గుంటలో కూర్చున్న సిగ్నల్ సిపాయి గొంతు.

"ఐదో పొట్టేలు కింద. ఐదూ కింద. ఓవర్."

"ఇంకోసారి చెప్పు," అన్నాను.

"దుర్భిణి నీ దగ్గరే కదా ఉంది? అన్నీ కింద. ఓవర్."

సప్లై సార్జెంటు పొట్టేలు వైపు చూడలేదు. రివాల్వర్ చక్రం తెరిచి, పేలిన తూటాల ఖాళీ కేసులు అరచేతిలో ఒంపుకుని కెప్టెన్ వైపు తిరిగాడు.

"నలభై, సర్."

అంతే అన్నాడు. ఆ అంకె ఎందుకంత గొప్పదో చెప్పాలంటే ఆరు నెలలు వెనక్కి వెళ్ళాలి.

1981 ఫిబ్రవరిలో అరిజోనా ఎడారిలోని ఆ అమెరికా సైనిక పోస్టులో దిగాను. బస్సు ఆగింది మధ్యాహ్నం రెండు ఇరవైకి. మా ఇల్లుండే అరోరాలో మంచు వదిలి వచ్చిన నాకు ఇక్కడ కనిపించింది దుమ్ము. తూర్పున ఎర్రటి బోడి కొండలు. పడమర కాల్పుల మైదానం. రోజూ పదకొండు దాటాక గాలి లేచేది, చీకటి పడేదాకా ఆగేది కాదు. నా దగ్గర ఒక డఫెల్ సంచి, రెండు జతల బూట్లు, అమ్మ కట్టిచ్చిన కారప్పొడి సీసా. వయసు ఇరవై ఒకటి. ఉద్యోగం గోదాములో లెక్కల గుమాస్తా.

"ఎక్కడ యుద్ధం చేశావు?" అని మావాళ్ళు ఇప్పటికీ అడుగుతారు. ఎక్కడా చేయలేదు. ఆ రెండేళ్ళూ అమెరికా దాటలేదు. నేను గెలిచిన ఒకే ఒక యుద్ధం ఒక కొయ్య బల్ల మీద జరిగింది.

గోదాము వెనక రేకుల గది ఉండేది. పోస్టు షూటింగ్ క్లబ్బు వాళ్ళ తూటాల గది. సార్జెంటు తొమ్మిదేళ్ళుగా తన సెలవు రోజులన్నీ పెట్టి దాన్ని నిలబెట్టాడు. "కొన్న తూటా అన్ని తుపాకులకూ సరిపోతుంది. అంటే దేనికీ సరిగ్గా సరిపోదు," అనేవాడు. ఆయన మాగ్నమ్ రివాల్వర్‌కు ఆయన తూటాలే కావాలి.

పని నాకు తొందరగానే అబ్బింది. టైర్ల షాపుల్లో చక్రాలకు తగిలించే సీసపు ముక్కలు తెచ్చి ఇనుప కుండలో కరిగించాలి. చిటికెడు మైనం వేస్తే మురికి పైకి తేలుతుంది. ఆ తెట్టు తీసి, సీసాన్ని అచ్చులో పోయాలి. అచ్చు చల్లగా ఉంటే గుండు ముడతలు పడుతుంది, మరీ వేడెక్కితే పాలిపోతుంది. మంచి గుండు కొత్త చెంచాలా మెరుస్తుంది. దానికి గ్రీజు పట్టించాలి. వాడేసిన ఇత్తడి కేసులను యాభై గుంటల చెక్కలో నిలబెట్టి, ఒక్కోదానిలో తుపాకిమందు పోసి, గుండు బిగించాలి.

మార్చిలో వైద్య విభాగానికి కొత్త మెడిక్ వచ్చాడు. పోస్టులో అందరూ అతన్ని 'డాక్' అనేవాళ్ళు. బందరు దగ్గరి క్రైస్తవ కుటుంబం. నాకంటే ఆరేళ్ళు పెద్ద. చొక్కా మీద నా పేరు చదివి ఆగిపోయాడు.

"తెలుగా?"

"అవునన్నా."

"అమ్మయ్య! తమ్ముడూ, ఇంటికి ఫోన్ చేసినప్పుడు తప్ప తెలుగు మాట్లాడి ఏడు నెలలైంది. అప్పుడు కూడా ఆపరేటర్ టైమైపోయిందని కట్ చేసేది."

మర్నాడే అతన్ని తూటాల గదికి తీసుకెళ్ళాను. తప్పు అక్కడే జరిగింది. మే నెలలో ఒక శనివారం, మధ్యాహ్నం మూడు. యాభై కేసుల చెక్క ముందుంది. మందు పోస్తూ మేం చేపల పులుసు గురించి వాదించుకుంటున్నాం.

"పులుసులో బెల్లమా? మీ వరంగల్‌లో చేపని పెళ్ళికూతుర్ని చేస్తారేంట్రా?"

"మా అమ్మ చేసింది తిన్నాక మాట్లాడన్నా."

"తింటా. పక్కన ఊరగాయ పెట్టుకుని మరీ తింటా."

నవ్వుతూ గుండ్లు బిగించేశాం. ఒక కేసులో మందు లేదు.

పదో రోజున కెప్టెన్ కాల్చడానికి వచ్చాడు. నాలుగో తూటాకు 'ఢాం' అని రాలేదు. 'టప్' అంది. మందు లేని తూటాలో, కేసు అడుగున నిప్పు రగిలించే ప్రైమర్ ఒక్కటే పేలి, గుండును గొట్టంలోకి తోసి అక్కడే ఇరికించింది. వెనకే ఇంకో తూటా పేలితే గొట్టం చీలిపోతుంది. కెప్టెన్ బొటనవేలు మళ్ళీ రివాల్వర్ వెనకనుండే గుర్రం మీదికి, అంటే తూటాను కొట్టే సుత్తి మీదికి, వెళ్ళింది. సార్జెంటు ఆయన మణికట్టు పట్టేసుకున్నాడు. పై అధికారి చెయ్యి పట్టుకోవడం అంతకుముందు నేను చూడలేదు, తర్వాతా చూడలేదు.

గంటలో గదికి తాళం పడింది. సాయంత్రం సార్జెంటు దగ్గరికి వెళ్ళాను.

"ఆ కేసు నాదే, సార్జెంట్."

"ఆ టైములో ఏం చేస్తున్నారు?"

"చేపల పులుసు గురించి మాట్లాడుకుంటున్నాం."

చేతిలోని రిజిస్టరు మూశాడు. "అంత బాగుంటుందా?"

"బాగుంటుంది."

"ఇకనుంచి దాన్ని గది బయట వండుకోండి."

ఆయన వెళ్ళి కెప్టెన్‌తో మాట్లాడాడు. ఆగస్టులో కౌంటీ పోలీసులతో ఇనుప బొమ్మల పోటీ ఉంది. కోళ్ళు, పందులు, టర్కీలు, పొట్టేళ్ళు. జట్టుకొకడు కాల్చాలి, మా తరఫున సార్జెంటు; మనిషికి నలభై తూటాలు. పోటీదాకా గది తెరవనిస్తానన్నాడు కెప్టెన్, తాళంచెవి మాత్రం తన దగ్గరే పెట్టుకున్నాడు. షరతు ఒక్కటే. నలభైలో ఒక్కటి పేలకపోయినా గది శాశ్వతంగా మూత.

సార్జెంటు కొత్త నియమం పెట్టాడు. ఒకడు మందు పోయాలి. రెండోవాడు టార్చి వేసి ప్రతి కేసులోకీ చూడాలి. చూసిన ప్రతిసారీ పైకి చెప్పాలి. అదీ తెలుగులో.

"తెలుగులో ఎందుకు సార్జెంట్?" అన్నాడు అన్న.

"ఇంగ్లీషులో చూడకుండానే 'చూశాను' అనడం ఆర్మీ మీకు నేర్పేసింది. మీ అమ్మ భాషలో చెప్పండి."

అలా ఆ వేసవంతా రేకుల గదిలో ఒకే ఒక్క మాట వినిపించింది. చూశాను. చూశాను. చూశాను. గది బయట నూట ఐదు ఫారెన్‌హీట్ డిగ్రీలు. లోపల ఎంతో కొలవలేదు. పోటీ తూటాలు తయారుచేసిన రోజు ఇరవై ఏడో కేసు దగ్గర అన్న ఆగిపోయాడు. టార్చి వెనక్కి తెచ్చాడు. మళ్ళీ చూశాడు.

"ఏమైంది?"

"ఏం కాలేదు. నాకే డౌట్."

ఇరవై ఏడు కేసుల మందూ డబ్బాలోకి ఒంపేసి మొదటినుంచి మొదలుపెట్టాం.

పోటీ రోజు పోలీసు జట్టు నాయకుడు మా తూటాల డబ్బాలోకి తొంగిచూశాడు. "ఇంటి వంటా? ఉప్పు సరిపోయిందా?"

"మీరు తిన్నాక చెప్పండి," అన్నాడు అన్న.

కోళ్ళు పది, పందులు తొమ్మిది, టర్కీలు ఎనిమిది. ముప్పై తూటాలూ పేలాయి. పొట్టేళ్ళ మొదటి వరసకు సార్జెంటు తుపాకి ఎత్తాడు. గుర్రం పడింది. 'టిక్.'

శబ్దం అంతే. కెప్టెన్ తల ఎత్తాడు. అన్న కళ్ళు మూసుకుని పెదాలు కదిపాడు.

"చక్రానికి ఆరు గదులు, సర్," అన్నాడు సార్జెంటు తల తిప్పకుండా. "వేసేది ఐదు తూటాలు. ఖాళీ గది ముందొచ్చింది."

మళ్ళీ గుర్రం లాగాడు. ఢాం. పొట్టేలు పడింది. ఆ వరసలో నాలుగు, చివరి వరసలో ఐదు. పోలీసుల మీద ఒక్క బొమ్మ తేడాతో గెలిచాం. మా సిపాయిలు సార్జెంటును భుజాల మీదికి ఎత్తబోతే కసిరాడు. ఎత్తారు. కెప్టెన్ జేబులోంచి తాళంచెవి తీసి, భుజాల మీద ఉన్నాయన చేతికి అందించాడు. పోలీసు నాయకుడు మా దగ్గరికి వచ్చి, "ఉప్పు సరిపోయింది," అన్నాడు. ఆ తర్వాత పత్రికలో ముప్పై ఏళ్ళు పనిచేశాను. ఎన్నో విజయాలు రాశాను. ఆ మధ్యాహ్నమంత సంతోషంగా నేను మళ్ళీ అరవలేదు.

1983 జనవరి చివర్లో సైన్యం నుంచి విడుదలయ్యాను. ఉదయం ఆరు పదికి బస్సు. సార్జెంటు వచ్చి నా సంచి పైకి అందించాడు.

"నీకో సంగతి చెప్పలేదు. ఆ ఖాళీ కేసు నాదేనన్నావు చూడు. నువ్వు వచ్చి వెళ్ళిన అరగంటకు డాక్ వచ్చాడు. తనదేనన్నాడు. ఒక తప్పుకు ఇద్దరు దోషులు. ఎవర్ని శిక్షించను?"

బస్సు కదిలింది. అరోరాలో మోకాలి లోతు మంచు. అమ్మ పులుసు పెట్టింది, బెల్లం వేసి.

ఇప్పటికీ కళ్ళు మూసుకుంటే కనిపించేది పొట్టేలు కాదు. తెట్టు పక్కకు తీసిన క్షణంలో కుండలోని సీసం. అద్దంలా వెలుగుతుంది, దాని మీద గది రేకులు కనిపిస్తాయి. మూడు నాలుగు లెక్కపెట్టేలోపు బూడిద రంగు పొర కమ్మేస్తుంది.

పోయిన నెల అన్నకు ఫోన్ చేశాను. ఆష్‌బర్న్‌లో కూతురి దగ్గర ఉంటున్నాడు.

"ఆ కేసు నాదే అన్నా, ఒప్పుకో."

"నీ మొహం. నాదే."

ఆ శనివారం యాభై కేసులు నింపుతూ మేం ఒకసారి చోట్లు మారాం, మందు పోసే పని ఒకరి నుంచి ఇంకొకరికి వెళ్ళింది. ఎన్నో కేసు దగ్గర మారామో ఇద్దరికీ గుర్తులేదు.